డాష్‌క్యామ్ పెట్టానని కారు స్క్రీన్‌కి వారంటీ ఇవ్వమన్నారు.. ఆ ‘నో’ని ఎలా వెనక్కి తీసుకునేలా చేశానంటే

మామూలుగా ఇక్కడ నేను ఫోన్లు, ఇయర్‌బడ్స్ గురించి రాస్తుంటాను. ఈసారి కారు గురించి. కంగారు పడకండి, ఇంజిన్ ఆయిల్ పాఠం కాదు. పాడైంది కారులో ఉన్న 10 అంగుళాల టచ్‌స్క్రీన్. అంటే డ్యాష్‌బోర్డుకి అతికించిన ట్యాబ్లెట్ అనుకోండి. కాకపోతే ఈ ట్యాబ్లెట్ పోతే సర్వీస్ సెంటర్ వాళ్లు చెప్పిన రేటు 62,400 రూపాయలు. నా ఈఎంఐ లెక్కలో అది దాదాపు నాలుగు నెలలు.

కారు 2023 జూన్‌లో కొన్నాను. మూడేళ్లు లేదా లక్ష కిలోమీటర్లు, ఏది ముందైతే అది, కంపెనీ వారంటీ. 2025 ఏప్రిల్ నాటికి తిరిగింది 24 వేల కిలోమీటర్లు. అంటే రెండు రకాలుగానూ వారంటీ లోపలే ఉన్నాను. డబ్బు సంగతి అసలు బుర్రలోకే రాలేదు.

సమస్య ఏంటంటే ఘోస్ట్ టచ్. ఫోన్లలో చూసే ఉంటారు కదా, మనం ముట్టుకోకుండానే స్క్రీన్ దానంతట అదే నొక్కుకుంటూ పోతుంది. మధ్యాహ్నం ఎండలో పార్క్ చేసి వచ్చి కారు తీస్తే వాల్యూమ్ దానంతట అదే ఫుల్‌కి వెళ్లేది. మ్యాప్ జూమ్ అయ్యేది, రివర్స్ కెమెరా మధ్యలో ఆగిపోయి రేడియో వచ్చేది. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నాన్న ఆ కెమెరా చూసుకునే కారు పెడతారు. పిల్లర్‌కి జానెడు దూరంలో స్క్రీన్‌లో ఎఫ్ఎం లిస్టు ప్రత్యక్షమైతే పెద్దాయన పరిస్థితి ఊహించుకోండి. ఇక ఒకరోజు ఔటర్ రింగ్ రోడ్డు మీద వెళ్తుంటే, ఆదివారం పూట, అది మా టీమ్ లీడ్‌కి నాలుగుసార్లు కాల్ చేసింది. నవ్వొచ్చే విషయమే, కానీ 100 స్పీడ్‌లో ఆ కాల్ కట్ చేయడానికి నేను రోడ్డు మీంచి కళ్లు తిప్పాను. అప్పుడు నవ్వు రాలేదు.

ఏప్రిల్ 26న సర్వీస్ సెంటర్‌కి ఇచ్చాను. సాయంత్రం సర్వీస్ అడ్వైజర్ ఫోన్ చేశాడు. “సార్, మీరు బయట డాష్‌క్యామ్ పెట్టించారు కదా. ఎలక్ట్రికల్స్ టాంపర్ అయినట్టు. వారంటీ వాయిడ్ అయిపోతుంది సార్. యూనిట్ మార్చాలంటే పెయిడ్‌లోనే.” చెకింగ్ చార్జీ కింద 1,500, జీఎస్టీతో కలిపి 1,770 వేశారు. తర్వాత ఒక ఓటీపీ వస్తుంది, చెప్పండి అన్నాడు. నేను చెప్పేశాను.

ఈ మొత్తం కథలో నేను చేసిన పెద్ద తప్పు అదే. ఆ ఓటీపీ జాబ్ కార్డ్ క్లోజ్ చేయడానికట. ఇంటికొచ్చి పీడీఎఫ్ తెరిస్తే “కస్టమర్‌కు వివరించాం, కస్టమర్ అంగీకరించారు” అని ఉంది. ఫోన్‌లో యాప్ పర్మిషన్లు ఒక్కొక్కటి చదివి ‘అలౌ’ నొక్కే నేను, ఇక్కడ ఆరు అంకెలు చెప్పేసి కారు తెచ్చుకున్నాను. మీరు మాత్రం ముందు జాబ్ కార్డ్‌లో ఏం రాశారో చూపించమనండి. ఒప్పుకోకపోతే “నేను ఏకీభవించడం లేదు” అని రిమార్క్ రాయించండి. ఆ తర్వాతే ఓటీపీ.

అసలు కీలకం ఒక్క మాటలో ఉంది

ఆ రాత్రి గ్లవ్‌బాక్స్‌లోంచి వారంటీ బుక్‌లెట్ తీసి చదివాను. కొన్న రోజు నుంచి దాని ప్లాస్టిక్ కవర్ కూడా తీయలేదు. అందులో మినహాయింపుల పేజీలో ఉన్నది తెలుగులో చెప్పుకుంటే ఇదీ: కంపెనీ ఆమోదించని పరికరాలు అమర్చడం వల్ల కలిగిన లోపాలకు వారంటీ వర్తించదు.

మళ్లీ చదవండి. అమర్చితే వారంటీ పోతుందని లేదు. అమర్చడం ‘వల్ల’ కలిగిన లోపానికి వర్తించదని ఉంది. సర్వీస్ సెంటర్ వాళ్లు మనకి ఫోన్‌లో చెప్పేది మొదటిది, కాగితం మీద ఉన్నది రెండోది. డాష్‌క్యామ్ ఉందా లేదా అన్నది అసలు ప్రశ్నే కాదు. ఉంది, నేనే పెట్టుకున్నాను. ఆ డాష్‌క్యామ్ వల్లే స్క్రీన్ పోయిందా అన్నదే ప్రశ్న. దానికి వాళ్లు చేసిన టెస్టు ఏదీ లేదు. డాష్‌క్యామ్ చూశారు, ‘వాయిడ్’ అన్నారు, అంతే.

మీ బుక్‌లెట్‌లో మాటలు వేరేగా ఉండొచ్చు. కొన్నిట్లో ఫలానా భాగానికి మాత్రమే వారంటీ పోతుందని ఉంటుంది, కొన్నిట్లో వైరింగ్ కట్ చేస్తే అని ఉంటుంది. అందుకే ముందు మీది మీరు చదవాలి. నెట్‌లో ఇంకెవరో పెట్టిన స్క్రీన్‌షాట్ మీద ఆధారపడొద్దు.

2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా ఒక పెద్ద ఆర్డర్ ఇచ్చింది. స్పేర్ పార్టుల విషయంలో 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. కొన్ని కంపెనీలు అప్పీలుకు వెళ్లాయి, అది వేరే కథ. మనకు కావాల్సింది అందులోని ఒక ఆదేశం. బయట మెకానిక్ దగ్గర పని చేయించుకున్నంత మాత్రాన వారంటీ మొత్తం రద్దని గంపగుత్తగా షరతు పెట్టకూడదు. బయటి పని సరిగ్గా లేక జరిగిన నష్టం మేరకే వారంటీ ఆపొచ్చు. అది బయటి రిపేర్ల గురించి చెప్పిన మాట, డాష్‌క్యామ్‌ల గురించి కాదు. కాబట్టి “ఇదిగో చట్టం” అని వాళ్ల మొహాన కొట్టలేం. కానీ తర్కం అదే కదా! నా ఈమెయిల్‌లో దాన్ని అలాగే, ఒక తర్కంగానే వాడాను. (అమెరికాలో ఉన్న మన రీడర్లకు ఈ విషయంలో 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ఉంది. ఫలానా బ్రాండ్ పార్టే వాడాలని వారంటీకి షరతు పెట్టడాన్ని అది మామూలుగా ఒప్పుకోదు. మనకి అంత సూటిగా చెప్పే చట్టం లేదు.)

బగ్ రిపోర్ట్‌లా రాయండి, కంప్లయింట్‌లా కాదు

మనలో చాలామందికి బీటా అప్‌డేట్‌లలో బగ్ రిపోర్ట్ చేసిన అనుభవం ఉంటుంది. “ఫోన్ హ్యాంగ్ అవుతోంది, చెత్త కంపెనీ” అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. “ఈ వెర్షన్‌లో, ఈ మూడు స్టెప్స్ చేస్తే, పదిసార్లలో ఎనిమిదిసార్లు వస్తోంది” అంటే పట్టించుకుంటారు. కారు విషయంలోనూ నేను అదే చేశాను. పది రోజులు పట్టింది.

మొదట వైరింగ్ సంగతి చూద్దాం. నా డాష్‌క్యామ్ ఫ్యూజ్ ట్యాప్‌తో పెట్టుకున్నది. ఒక్క వైరు కూడా కట్ చేయలేదు. ఫ్యూజ్ బాక్స్‌లో 12 వోల్టుల సాకెట్ ఫ్యూజ్ తీసి, దాని స్థానంలో ట్యాప్ పెట్టి, పాత ఫ్యూజ్‌ని ట్యాప్‌లోనే ఉంచి, డాష్‌క్యామ్‌కి విడిగా 3 ఆంప్స్ ఫ్యూజ్ వేశాను. హెడ్ యూనిట్‌కి కరెంటు వెళ్లే ఆడియో ఫ్యూజ్ పూర్తిగా వేరు. డాష్‌క్యామ్ తినేది సుమారు 5 వాట్లు, అంటే 12 వోల్టుల మీద అర ఆంపు కూడా లేదు. ఫోన్ చార్జర్ దానికంటే ఎక్కువ తింటుంది. పైగా అది సమాంతరంగా కలిపిన లోడు. ఇంట్లో ఒక గదిలో జీరో బల్బు వేస్తే పక్క గదిలో టీవీ టచ్ పాడవుతుందా?

కానీ ఇలా వాదిస్తే కౌంటర్‌లో ఉన్న మనిషి “మాకు తెలీదు సార్, పాలసీ” అంటాడు. అందుకని కొలతలు తీశాను. మల్టీమీటర్‌తో ఇంజిన్ ఆఫ్‌లో 12.5 వోల్టులు, ఆన్‌లో 14.1. డాష్‌క్యామ్ ఉన్నా, పీకేసినా అంతే. రెండు రీడింగులకీ ఫొటోలు తీసుకున్నాను.

అసలైన టెస్టు ఆ తర్వాతది. ఫ్యూజ్ ట్యాప్ మొత్తం పీకేసి, ఒరిజినల్ ఫ్యూజ్ దాని చోట పెట్టేసి, పది రోజులు డాష్‌క్యామ్ లేకుండా కారు నడిపాను. ఘోస్ట్ టచ్ ఆగిపోతే తప్పు నాది, డబ్బు కట్టేద్దాం అని ముందే అనుకున్నాను. నిజం చెప్పాలంటే మొదటి రెండు రోజులు అసలు రాలేదు. గుండె ఆగినంత పనైంది. తర్వాత గుర్తొచ్చింది, ఆ రెండు రోజులూ మబ్బు పట్టి ఉంది. మూడో రోజు ఎండ కాసింది, స్క్రీన్ మళ్లీ ఆడటం మొదలుపెట్టింది.

దాంతో ఇంకో క్లూ దొరికింది. సమస్య వేడితో ముడిపడి ఉంది. వంటింట్లో వాడే ప్రోబ్ థర్మామీటర్ డ్యాష్‌బోర్డ్ మీద పెట్టి చూశాను. అద్దాలు మూసి ఎండలో పెడితే మధ్యాహ్నం రెండింటికి 58 డిగ్రీలు. ఆ స్థితిలో స్టార్ట్ చేసిన ప్రతిసారీ ఘోస్ట్ టచ్. ఏసీ వేసి పావుగంట నడిపితే మాయం. ఉదయం పూట సున్నా. స్క్రీన్ ఎడమ అంచున గ్లాసు పొరల మధ్య సన్నగా గాలి బుడగ లాంటి గీత కూడా కనిపించింది. పొరలు విడిపోతున్నట్టు. దానికి మ్యాక్రో ఫొటో తీశాను. రెండేళ్లుగా మూలన పడి ఉన్న మ్యాక్రో కెమెరాకి జీవితంలో మొదటిసారి పని దొరికింది!

వీడియోల గురించి ఒక మాట. ఫ్రేమ్‌లో ఖాళీగా ఉన్న ఫ్యూజ్ స్లాట్, థర్మామీటర్, స్క్రీన్, ఓడోమీటర్ అన్నీ ఒకే షాట్‌లో, కట్ లేకుండా రావాలి. ఒరిజినల్ ఫైల్ ఫోన్‌లోనూ, ఇంకో డ్రైవ్‌లోనూ దాచుకోండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫైల్ కుంచించుకుపోతుంది, తీసిన సమయం లాంటి మెటాడేటా కూడా పోతుంది. రేపు కేసు దాకా వెళ్తే ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం 2023, సెక్షన్ 63 ప్రకారం సర్టిఫికెట్ అడగొచ్చు. అప్పుడు ఒరిజినల్ లేకపోతే ఇబ్బంది.

ఇదంతా మన మీద ఎందుకు పెట్టుకోవాలి, వాళ్లే నిరూపించాలి కదా అంటారా? న్యాయంగా అయితే అంతే. కానీ వినియోగదారుల కమిషన్ ముందు సేవలో లోపం ఉందని మొదట చూపించాల్సింది ఫిర్యాదు చేసినవాళ్లే. సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. కాబట్టి మన చేతిలో ఏదో ఒకటి ఉండాలి.

ఇంకోటి, కంపెనీ వాళ్లు కరెక్ట్ అయ్యే సందర్భాలూ ఉన్నాయి. 60/55 వాట్ల హెడ్‌లైట్ హోల్డర్‌లో 100 వాట్ల బల్బు పెట్టి హోల్డర్ కరిగిందంటే అది మీ పనే. హెడ్ యూనిట్ వైర్ల మీద టేపు చుట్టి యాంప్లిఫయర్ లాగి, ఇప్పుడు హెడ్ యూనిట్ పోయిందంటే మీ వాదన నిలబడటం కష్టం. నా డాష్‌క్యామ్‌ని కోఠీలో ఏ కుర్రాడో వైరు చీల్చి కలిపి ఉంటే ఈ ఆర్టికల్ నేను రాసేవాణ్ని కాదు.

కాగితం మీదకి తెచ్చాక

సర్వీస్ సెంటర్‌కి, కంపెనీ కస్టమర్ కేర్‌కి కలిపి ఒకే ఈమెయిల్ పంపాను. పొడుగ్గా రాయలేదు. కారు వివరాలు, సమస్య మొదలైన తేదీ, పది రోజుల టెస్టు ఫలితం, వీడియో లింకులు. చివర రెండే ప్రశ్నలు. ఒకటి, డాష్‌క్యామ్ వల్లే ఈ లోపం వచ్చిందని మీరు ఏ టెస్టు చేసి తేల్చారు? రెండు, వారంటీ బుక్‌లెట్‌లో ఏ క్లాజ్ కింద నిరాకరిస్తున్నారో రాతపూర్వకంగా ఇవ్వగలరా?

ఫోన్‌లో ధైర్యంగా ‘వాయిడ్’ అన్న మనిషి, రాసివ్వమంటే వారం రోజులు మాయమైపోయాడు. కస్టమర్ కేర్ నుంచి మాత్రం “మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం” అనే ఆటోమేటిక్ జవాబు వచ్చింది.

మే 19న నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి కాల్ చేశాను. తెలుగులోనే మాట్లాడొచ్చు. ఇది కోర్టు కాదు, ఎవరినీ శిక్షించలేదు. మీ ఫిర్యాదుని నమోదు చేసి కంపెనీకి పంపుతుంది, జవాబు తెప్పించే ప్రయత్నం చేస్తుంది. అయినా దీన్ని వదలొద్దు. సర్వీస్ సెంటర్ కౌంటర్ దాటి కంపెనీలో ఇంకో టేబుల్ మీదకి మన ఫైలు చేరడానికి నాకు ఇదే దారి అయింది.

అక్కడా పని జరగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్దామని సిద్ధంగానే ఉన్నాను. వినియోగదారుల రక్షణ చట్టం 2019 వచ్చాక ఇది మనలాంటి వాళ్లకి బాగా తేలికైంది. మీరు ఉండే చోటే కేసు వేయొచ్చు, కంపెనీ హెడ్డాఫీసు ఉన్న ఊరికి వెళ్లక్కర్లేదు. లాయర్ తప్పనిసరి కాదు. సమస్య మొదలైన రెండేళ్లలోపు వేయాలి. వస్తువుకి చెల్లించిన ధర 50 లక్షల వరకూ జిల్లా కమిషన్ పరిధే. ఫీజు కూడా ఆ ధరను బట్టే ఉంటుంది. 5 లక్షల వరకూ ఏమీ లేదు, 10 లక్షల వరకూ 200 రూపాయలు, 20 లక్షల వరకూ 400. నా కారు 11 లక్షల చిల్లర, కాబట్టి 400. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్‌లో వేయొచ్చు. డీలర్‌నీ, తయారీ కంపెనీనీ ఇద్దరినీ ప్రతివాదులుగా పెట్టాలి. లేదంటే ఒకరి మీద ఒకరు తోసుకుంటారు. నోటీసు అందాక వాళ్లకి జవాబుకి 30 రోజులు, మహా అయితే ఇంకో 15. వస్తువుని ల్యాబ్‌లో పరీక్షించాల్సి వస్తే ఐదు నెలల్లో, అవసరం లేకపోతే మూడు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది. వాయిదాలు ఎలా నడుస్తాయో మీకు తెలుసు, ఆ గడువుని మరీ గట్టిగా నమ్ముకోకండి.

ఒక్క సలహా. “కారే మార్చి ఇవ్వండి, పది లక్షల పరిహారం ఇవ్వండి” అని అడగొద్దు. పాడైన భాగం మార్చడమే వారంటీ బాధ్యత, దాని కోసం కారు మొత్తం మార్చమనలేమని సుప్రీంకోర్టు 2006లోనే ఒక కారు కేసులో చెప్పింది. స్క్రీన్ పోతే స్క్రీన్ అడగండి.

సర్వీస్ సెంటర్ పార్కింగ్‌లో నలభై నిమిషాలు

హెల్ప్‌లైన్ ఫిర్యాదు తర్వాత కంపెనీ నుంచి ఏరియా సర్వీస్ ఇంజినీర్ ఫోన్ చేశారు. జూన్ 4న మధ్యాహ్నం రమ్మన్నారు. నేను ఉదయం పది గంటలకైతే రానని, రెండింటికే వస్తానని ముందే చెప్పాను. ఎందుకో మీకు అర్థమయ్యే ఉంటుంది.

ఆయన నలభై దాటిన మనిషి, మర్యాదగానే మాట్లాడారు. ముందు ఫ్యూజ్ బాక్స్ తెరిచి చూశారు. “వైరింగ్ ముట్టుకోలేదే,” అన్నారు అడ్వైజర్ వైపు తిరిగి. అతను ఏం మాట్లాడలేదు. డాష్‌క్యామ్ ఆయన చేతే పీకించాను. కారు అద్దాలు మూసి ఎండలో పెట్టి ముగ్గురం షెడ్డు కింద నిలబడ్డాం. టీ తెప్పించారు. మొదటి పావుగంట నా మనసులో ఒకటే టెన్షన్, ఇవాళే గనక ఇది బుద్ధిగా పనిచేస్తే? సర్వీస్ సెంటర్లో ఏ వస్తువైనా అకస్మాత్తుగా ఆరోగ్యంగా అయిపోతుంది కదా.

నలభై నిమిషాల తర్వాత డోర్ తీసి స్టార్ట్ చేశారు. ఐదు సెకన్లు ఏం లేదు. తర్వాత మ్యాప్ ఓపెన్ అయింది. మూసుకుంది. మళ్లీ ఓపెన్ అయింది. రేడియో ఆన్ అయి వాల్యూమ్ పైకి పోయింది. ఇంజినీర్ రెండు చేతులూ స్టీరింగ్ మీంచి పైకెత్తి, “నేను ముట్టుకోలేదండీ,” అన్నారు. నేను వీడియో తీస్తూనే ఉన్నాను.

అయినా కథ అక్కడ అయిపోలేదు. మర్నాడు ఫోన్ వచ్చింది: “సార్, మీరు మా విలువైన కస్టమర్ కాబట్టి గుడ్‌విల్ కింద 50 శాతం మేం భరిస్తాం. మీరు 31,200 కడితే చాలు.” ఇంట్లో నాన్న, “ఒరేయ్, సగం ఇస్తామంటున్నారుగా, తీసేసుకో. ఇంకెన్నాళ్లు తిరుగుతావు?” అన్నారు. నిజంగానే అలసిపోయి ఉన్నాను. సరే అనేసేవాణ్నే.

కానీ గుడ్‌విల్ అంటే ఏంటి? తప్పు నీదే, అయినా దయతో ఇస్తున్నాం అని. లోపం వారంటీ పరిధిలో ఉందంటే మొత్తం వాళ్లదే. లేదంటే సగం మాత్రం ఎందుకు ఇస్తారు? ఇదే మాట ఈమెయిల్‌లో రాసి, “జూన్ 4 టెస్టులో డాష్‌క్యామ్ లేకుండానే లోపం కనిపించింది. దీన్ని గుడ్‌విల్‌గా కాక వారంటీ క్లెయిమ్‌గా నమోదు చేయగలరు. 15 రోజుల్లో పరిష్కారం కాకపోతే జిల్లా కమిషన్‌కి వెళ్తాను” అని ముగించాను. నింపి పెట్టుకున్న ఫిర్యాదు డ్రాఫ్ట్ కూడా జత చేశాను. బెదిరింపు మాట ఒక్కటీ రాయలేదు.

జూన్ 12న కొత్త హెడ్ యూనిట్ వేశారు. పార్టు, లేబర్ రెండూ సున్నా. ఏప్రిల్ 26 నుంచి లెక్కేస్తే 47 రోజులు. ఈసారి ఓటీపీ అడిగినప్పుడు కుర్చీ లాక్కుని కూర్చుని జాబ్ కార్డ్ మొత్తం చదివాను. “వారంటీ కింద మార్చబడింది” అన్న లైను, పాత యూనిట్ సీరియల్ నంబర్, కొత్తదాని నంబర్ ఉన్నాయో లేదో చూసుకునే చెప్పాను. అడ్వైజర్ కుర్రాడు కొంచెం విసుక్కున్నాడు గానీ, అతని తప్పేం లేదు పాపం. పైనుంచి ఏం చెప్పమంటే అదే చెప్తాడు.

డాష్‌క్యామ్ మళ్లీ అదే ఫ్యూజ్ స్లాట్‌లో, అదే ట్యాప్‌తో పెట్టేశాను. స్క్రీన్ బుద్ధిగా ఉంది, నాన్న పిల్లర్‌కి భయపడకుండా పార్క్ చేస్తున్నారు. చెకింగ్ చార్జీ 1,770 మాత్రం వెనక్కి రాలేదు. మూడు ఈమెయిల్స్ పెట్టాను, “పరిశీలనలో ఉంది” అని మూడు జవాబులు వచ్చాయి. నాలుగోది ఈ ఆర్టికల్ పోస్ట్ చేశాక పెడతాను.